ఇంకో గరిటె

"ఎలా ఉంది మరదలా? మొహమాటపడకుండా చెప్పు," అంటూ బావ గరిటె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

నోట్లో ఉన్న చేప ముక్కను ఏం చెయ్యాలో చెల్లెలికి పాలుపోలేదు. మింగుదామంటే గొంతు ఒప్పుకోదు, ఉమ్ముదామంటే మర్యాద ఒప్పుకోదు. కూర అడుగంటింది. ఉప్పు రెండుసార్లు పడింది. అది చాలదన్నట్టు గుప్పెడు దాల్చినచెక్క కూడా పడింది. గ్లాసెడు మంచినీళ్ళ సాయంతో ఎలాగో లోపలికి పంపించి, "అద్భుతం బావగారూ," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావా, పాపం ఆనందబాష్పాలు వచ్చేశాయి!" అన్నాడు బావ భార్యతో.

అక్క కంచం ముందుకు జరిపింది. "నాకు ఇంకో గరిటె వెయ్యండి."

బావ మొహం చేటంత అయింది.

అక్క అంత ఇష్టంగా తింటుంటే చెల్లెలికి జాలేసింది. బావ లాంచీ నడిపే సరంగు. ఎనిమిదేళ్ళ కిందట దట్టమైన మంచులో ఆయన లాంచీని ఓ ఇసుక పడవ ఢీకొంది. ఆ రోజు లాంచీలోనే ఉన్న అక్క నుదురు ఇనుప కమ్మీకి కొట్టుకుంది. గాయం నెలలో మానింది కాని, ఎండలోకి వెళ్తే తలపోటు ఇప్పటికీ వస్తుంది. అన్నిటికంటే విచిత్రం, ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. వాసన పోతే రుచీ పోయినట్టేనన్నాడు డాక్టరు.

తప్పు ఇసుక పడవదేనని విచారణలో తేలినా బావ మళ్ళీ లాంచీ ఎక్కలేదు. రేవులో హారన్ మోగితే ఉలిక్కిపడేవాడు. ఏడాదిపాటు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చెల్లెలు రెండు నెలలు ఇక్కడే ఉండి వండిపెట్టినా, ఆ మనిషి నోట ఒక్క మాట వినలేకపోయింది. తర్వాత ఎప్పుడో ఓ రోజు ఆయనే లేచి పొయ్యి వెలిగించి ఏదో వండాడట. అక్క బాగుందందట. ఆయన నవ్వాడట. ఆ రోజు నుంచి వంటిల్లు ఆయన రాజ్యం. ఇప్పుడు ఈల వేస్తూ ఉల్లిపాయలు తరుగుతున్న బావను చూస్తే చెల్లెలికి ఎంతో సంతోషంగా ఉంటుంది.

కాని ఆయన వంట తినడం మాత్రం ఇదే మొదలు. తను ఎప్పుడు వచ్చినా అక్క పట్టుబట్టి హోటల్‌కు తీసుకెళ్ళేది. రుచే తెలియని మనిషికి ఈ హోటళ్ళ సరదా ఏమిటో అనుకునేది.

"రేపు కూడా ఇదే చేస్తున్నా," అని బావ ప్రకటించాడు. "ముప్పైమందికి! ఒక్కడినే!"

రేపు వాళ్ళ పాతికేళ్ళ పెళ్ళిరోజు. రేవులో బావతో పనిచేసినవాళ్ళంతా పిల్లాజెల్లాతో వస్తున్నారు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళకు మొహం చాటేసిన మనిషి, ఇన్నాళ్ళకు తనంతట తానే పిలిచాడు. వాళ్ళా, ఉన్నమాట మొహం మీదే అనేసే రకం. ఒక్కడు "ఛీ" అన్నా చాలు, ఈయన మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడు.

"వంటమనిషిని పెట్టుకుంటే మీకు శ్రమ తగ్గుతుంది కదా బావగారూ?"

"నేనుండగా వంటమనిషా? మీ అక్కనే అడుగు, ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా వంక పెట్టిందేమో!"

"ఎందుకు పెడతాను?" అంది అక్క, లేచి కిటికీ రెక్కలు బార్లా తెరుస్తూ. "ఏమండీ, పొయ్యి మీద పాలు పెట్టి ఎంతసేపయింది?"

"అమ్మో!" బావ వంటింట్లోకి పరిగెత్తాడు. గిన్నె మాడింది కాని పాలు సగం దక్కాయి.

మధ్యాహ్నం ఆయన మూరెడు జాబితా, నాలుగు సంచులు పట్టుకుని బజారుకు బయల్దేరాడు. జాబితాలో దాల్చినచెక్క కిలో అని ఉంది. ఆయన మలుపు తిరిగాడో లేదో చెల్లెలు వచ్చి అక్క పక్కన చేరింది.

"అక్కా, కోప్పడనంటే ఒక మాట చెప్తా. బావగారి వంట..."

"ఊఁ, బావగారి వంట?"

"నోట్లో పెట్టుకునేలా లేదు. ఒట్టు! నీకు తెలీదు కాబట్టి బతికిపోయావు. నేనైతే ఒక్క ముక్కకే చచ్చి బతికాను."

అక్క పకపకా నవ్వింది. "చూశాలే, జగ్గు ఖాళీ చేశావు."

"నవ్వకక్కా! ఎనిమిదేళ్ళకి ఇల్లు ఇలా కళకళలాడుతోంది. రేపు ముప్పైమందిలో ఆయన పరువు గంగలో కలిస్తే నేను చూడలేను. నువ్వు చెప్తే వింటారు, చెప్పు. లేదంటే నేనే హోటల్ నుంచి తెప్పించి గుట్టుగా గిన్నెలు మార్చేస్తా."

"అంత పని చెయ్యకు తల్లీ. ముప్పైమందికీ పోయిన వారమే ఫోన్లు చేశాను. అందరూ ఇంట్లో కడుపునిండా తినేసి వస్తారు. ఇక్కడ నాలుగు ముద్దలు తిని, బ్రహ్మాండం సరంగుగారూ అంటారు. పిల్లలచేత కూడా ఆ ముక్క వల్లె వేయిస్తున్నారట."

"ఆగాగు. నువ్వే ఫోన్లు చేశావా? ఆయన వంట ఇలా ఉంటుందని నీకెవరు చెప్పారక్కా?"

అక్క కిటికీలోంచి వీధి చివరిదాకా ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"నాకు వాసన తిరిగొచ్చి ఏడేళ్ళయిందే."