మొదటి పేజీ లేని నోట్సు

అక్షయ తలలోంచి ఆవిరి లేస్తోంది.

"ఆంటీ, మండుతోంది," అంటూ కుర్చీలోంచి సగం లేచింది. సాయంత్రం ఆమె పెళ్లి రిసెప్షన్.

రంగు పూసిన అమలమ్మ ఒక్క అంగలో వచ్చి, ఆమె తలను సింకులోకి వంచి చన్నీళ్లు వదిలింది. నురుగు కరిగేసరికి జుట్టు నాచు రంగులో తేలింది.

పార్లర్ ఓనర్ రామతులసి ముఖం పాలిపోయింది. "ఏం పూశారండీ?"

"పూసింది మామూలు రంగే. ఈ జుట్టుకి ముందే నల్ల హెన్నా పట్టి ఉంది. అందులో లోహం కలుపుతారు. రంగులో ఉండే పెరాక్సైడ్ తగలగానే ఇలా మరిగిపోతుంది."

మూలన తువ్వాళ్లు మడతపెడుతున్న వినీల తలెత్తలేదు. ఏప్రన్ జేబులో అక్షయ జుట్టు వివరాల కార్డు గుచ్చుకుంటోంది. 'రెండేళ్లుగా నల్ల హెన్నా' అని దాని మీద రాసింది తనే.

పొద్దున అమలమ్మ కార్డు అడిగినప్పుడు అక్షయ ఫోన్లో మునిగి ఉంది.

"కనబడట్లేదండీ," అంది వినీల. "ఎప్పుడూ నా దగ్గరికే వస్తుంది. హెన్నాలేవీ పెట్టదు."

పది రోజుల క్రితం గుణదలలో బస్సు దిగి పని అడిగిన అమలమ్మకి, అద్దం పక్కన వినీల కుర్చీ ఇచ్చేసింది రామతులసి. కుర్చీ పోతే పోయింది. రోజూ ఆవిడ చెప్పే ఆ మాటలు?

"వెంట్రుకకి బయట పొలుసులమ్మా, లోపల రంగు. తలుపు తెరవందే కొత్త రంగు లోపలికి పోదు. మళ్లీ మూయకపోతే నిలవదు."

అది వినీల నోట్సులోని వాక్యం. వన్ టౌన్‌లో జిరాక్స్‌కి జిరాక్స్ తీయించుకున్న చేతిరాత నోట్సు. మొదటి పేజీ లేదు, రాసిందెవరో తెలీదు. వినీల పని నేర్చుకున్నది దాన్నుంచే. ఈవిడ దాన్ని బట్టీపట్టి వచ్చి తనకే పాఠాలు చెబుతోంది.

"ఆకుపచ్చకి ఎరుపు విరుగుడు," అంటోంది అమలమ్మ. "వినీలా, పెరాక్సైడ్ కలపక్కర్లేని ఎర్ర రంగు ఇలా తే అమ్మా."

గంటకి జుట్టు ముదురు గోధుమ రంగుకి తిరిగింది. అక్షయ అద్దంలో చూసుకుని ఊపిరి పీల్చుకుంది. వెంట వచ్చిన వాళ్లమ్మ ఊరుకోలేదు.

"ఎవరిదండీ తప్పు?"

"నాదేనండీ. ముందు ఒక్క పాయ మీద వేసి చూడాల్సింది, చూడలేదు," అంది అమలమ్మ. వినీల వైపు కన్నెత్తలేదు.

"రేపట్నుంచి రాకండి," అంది రామతులసి.

అమలమ్మ బల్ల దగ్గర నిలబడి ఏదో రాసి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

పెళ్లివాళ్లు కారెక్కాక వినీల జేబులోని కార్డును కార్డుల డబ్బాలో తిరిగి పెట్టబోయింది. అక్కడ అక్షయ పేరుతో కొత్త కార్డు ఉంది.

'ఆర్నెల్లు పెరాక్సైడ్ వద్దు. ఈ జుట్టు వినీల చేతికే ఇవ్వండి. ఆ అమ్మాయికి పని తెలుసు.'

వినీల దాన్ని రెండుసార్లు చదివింది. కొక్కెంలా పైకి తిరిగిన 'ల'. ఇన్నేళ్లుగా నోట్సులో వేలు పెట్టి చదివిన అక్షరాలు.

సొరుగులోంచి నోట్సు తీసి కార్డు పక్కన పెట్టింది. తర్వాత వీధిలోకి పరుగెత్తింది. అమలమ్మ ఆటో అప్పటికే ఏలూరు రోడ్డు ఎక్కేసింది.

"ఏమైందే?" గుమ్మంలోంచి అడిగింది రామతులసి.

"కార్డు దాచింది నేనండీ," అంది వినీల. "నాకు పని నేర్పినావిడకే కనబడకుండా దాచాను."