అనర్హుణ్ణి

“నా పేరెందుకు కొట్టేశావయ్యా?” ఓటు చీటీ ఊపుతూ అడిగారు పాస్టరుగారు.

బిషప్‌ను ఎన్నుకునే మహాసభ అది. పోటీలో ఉన్నది ఇద్దరే. చీటీ మీద ఒక పేరుకి అడ్డంగా ఎర్రగీత ఉంది.

“మూడు వందల చీటీలూ స్కేలు పెట్టి కొట్టానండి అయ్యగారూ,” అన్నాడు సభ గుమాస్తా, నియమావళి ముందుకు జరుపుతూ. “పొద్దున ప్రసంగంలో ‘ఈ పదవికి నేను అనర్హుణ్ణి’ అన్నారు కదా. అభ్యర్థే సభలో ఆ మాట ఒప్పుకుంటే పేరు తీసేయాలని ఇందులో ఉంది.”

“అది వినయమయ్యా!”

“మినిట్స్‌లో వినయానికి వేరే గడి లేదండి.”

అవతలాయన సిగ్గూ ఎగ్గూ లేకుండా ‘ఓటు నాకే వేయండి’ అని కూర్చున్నాడు. అప్పుడు పాస్టరుగారికి నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

“మరిప్పుడెలా?”

“ఏముందండీ, మైకులో ‘నేను అర్హుణ్ణి’ అనేయండి. పేరు మళ్లీ రాసేస్తాను.”

పాస్టరుగారు మైకు పట్టుకున్నారు. సభంతా తలెత్తి చూసింది. ‘నేను’ దాకా వచ్చారు. ఆ పై మాట అనకుండానే మైకు తిరిగి ఇచ్చేశారు. చేతులు జోడించి వచ్చి కూర్చున్నారు.

“ఎంత తగ్గింపు మనసు!” అంటూ హాలు చప్పట్లతో మారుమోగింది.

పక్క కుర్చీలో ఆయన భార్య, ఆవిడా సభ్యురాలే, పెన్ను మూత తీసి అవతలాయన పేరు పక్కన టిక్కు పెట్టింది.

“నువ్వు కూడానా!”

“పాతికేళ్లుగా ప్రతి ఆదివారం ‘అనర్హుణ్ణి’ అని చెప్తూనే ఉన్నారు కదండీ,” అంది చీటీ మడుస్తూ. “నేనొక్కదాన్నే నమ్ముతున్నాననుకున్నాను.”