ఏడో మంచం

“ఖాళీ లేదమ్మా” అన్నాడు వార్డెన్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఊళ్లో మందు దుకాణాలు నలభై. మందు మానిపించే ఇల్లు ఒక్కటి. అందులో మంచాలు పన్నెండు. దీనికి సిగ్గుపడ్డవాడు ఒక్కడూ లేడు.

టైలరమ్మ తమ్ముడి జబ్బ వదల్లేదు. వెల్డింగ్ పని చేసే ఆ తమ్ముడు వరండా గోడకు జారగిలబడి చొంగ కారుస్తున్నాడు.

“ఆరేళ్లకి ఇవాళ ఒప్పుకున్నాడండీ, వస్తానని. రేపు ఒప్పుకోడు. అసలు రేపటికి ఉంటాడో లేదో.”

“పేరు రాసుకుంటాను. వంతు రావడానికి ఏడు నెలలు పడుతుంది.”

“అప్పటికి ఆ పేరుతో ఏం చేస్తారు, గోరీ మీద చెక్కిస్తారా?”

వార్డెన్ ఇంకెక్కడైనా చోటుందేమో ఫోన్ చేసి చూస్తానని ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

కిటికీ పక్క మంచం మీంచి ఇదంతా వింటున్న, మెడకు మఫ్లర్ చుట్టుకున్న మనిషి లేచి బయటికొచ్చాడు. చంకలో సంచి.

“నా మంచం తీసుకో చెల్లెమ్మా. ఏడో నంబరు. నా తొంభై రోజులూ ఇవాల్టితో సరి. ఇంటికి పోతున్నా.”

“ఆ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా? నేను కాళ్లావేళ్లా పడుతుంటే తమాషా చూస్తున్నారా?”

“ఆలోచించుకోవద్దూ. తిండి బాగుంటుందిక్కడ.”

అతని చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. ఆమె మొహం చిట్లించింది.

“ఆ వణుకేంటి? తాగారా?”

“తొంభై రోజుల తర్వాత మా ఆవిడ ముందు నిలబడాలి. వణకదా మరి?”

ఆమెకు నవ్వు రాలేదు. తమ్ముణ్ణి ఈడ్చుకుంటూ లోపలికి నడిచింది. దారికి అడ్డున్నాడని అతణ్ణి మోచేత్తో ఓ తోపు తోసింది కూడా.

వార్డెన్ తిరిగొచ్చేసరికి ఏడో మంచం మీద వెల్డరు బోర్లా పడి ఉన్నాడు.

“ఇక్కడుండాల్సిన మనిషేడి?”

“ఇంటికెళ్లిపోయాడండీ.”

వార్డెన్ గేటు దాకా పరుగెత్తాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

పదిహేనో రోజున టైలరమ్మ తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చింది. వాడు గ్లాసు ఒలకకుండా పట్టుకుని నీళ్లు తాగాడు. ఉప్పు తక్కువైందని వంటమనిషితో పోట్లాడాడు. అది చూసి ఆమె కరువుతీరా ఏడ్చింది.

వెళ్తూ వెళ్తూ వార్డెన్ బల్ల మీద కొత్త చొక్కా పెట్టింది.

“ఆ మఫ్లర్ అన్నయ్యకి. కొలత కంటితోనే తీశాను. ఆ రోజు నోటికొచ్చినట్టు అనేశాను. ఇల్లెక్కడో చెబితే ఇచ్చొస్తాను.”

“ఆయనకి ఇల్లెక్కడిదమ్మా. మూడో రోజే పోయాడు. మందు దుకాణం మెట్ల మీద.”

ఆమె చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది.

“తొంభై రోజులు మానేసి కూడా మళ్లీ తాగాడా? ఏం మనిషండీ.”

వార్డెన్ రిజిస్టరు తెరిచి ఆ రోజు పేజీ ఆమె వైపు తిప్పాడు.

“తొంభై రోజులెక్కడివమ్మా? ఏడు నెలలు ఎదురుచూసి, ఆ రోజు మీకంటే ఒక్క గంట ముందు వచ్చాడు.”