ఒప్పించే నేర్పు

ఆ ఆదివారం ఊళ్ళో బస్సుల్లేవు. సమ్మె.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష మాత్రం ఆగలేదు.

కేదార్ యూసుఫ్‌గూడలోని తన గదినుంచి అమీర్‌పేట చౌరస్తా దాకా పరుగెత్తుకొచ్చాడు. పరీక్ష సికింద్రాబాద్‌లో. ఉద్యోగం మానేసి మరీ చదివాడు. ఇవాళ గేటు మూసేస్తే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే.

చౌరస్తాలో ఒకే ఒక్క ఆటో ఉంది. అందులో అప్పటికే ఒకాయన కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి.

"సికింద్రాబాద్ వస్తావా?" అని కేదార్ డ్రైవర్ని అడిగాడు.

"సవారీ ఉన్నది కదన్నా. పంజాగుట్ట పోతున్న."

అదో దిక్కు, ఇదో దిక్కు. కలిసి పోదామన్నా కుదరదు.

కేదార్ ఆటోలోకి తల పెట్టాడు. "ఏమండీ, మీరు దిగి ఈ ఆటో నాకివ్వండి. చాలా అర్జెంటు."

"నాది సుత అర్జెంటే బిడ్డా."

పరీక్ష అని చెబితే ఈ మనిషి దిగడనిపించింది. నోటికొచ్చింది అనేశాడు.

"మా అమ్మ సికింద్రాబాద్‌లో ఆసుపత్రిలో ఉందండీ. సీరియస్ అని ఫోనొచ్చింది."

ఆ అమ్మ ఆ సమయానికి తెనాలిలో, కొడుకు పరీక్ష బాగా రాయాలని దేవుడి ముందు దీపం పెడుతోంది.

పెద్దాయన ముఖం మారిపోయింది. ఒకసారి పంజాగుట్ట వైపు చూశాడు. తర్వాత మెల్లగా కిందికి దిగాడు.

"తల్లి అంటున్నవ్. నువ్వే ముందు పో. నాదేముంది, నడుస్త."

పెద్దాయన కేదార్ తలమీద చెయ్యి పెట్టాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. అమ్మకేం గాదు."

ఆటో తిరిగింది. కేదార్ వెనక్కి చూశాడు. పెద్దాయన ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఒక్కో అడుగూ కూడగట్టుకుని వేస్తున్నాడు.

కేదార్ మనసు చివుక్కుమంది. బేగంపేట వచ్చేసరికి మళ్ళీ లెక్కల సూత్రాలు నెమరేసుకోవడం మొదలుపెట్టాడు.

పరీక్ష బాగా రాశాడు. ఇక దరఖాస్తు మిగిలింది. పేరున్న బిజినెస్ స్కూలు కదా, మార్కులొక్కటే చాలవంది. మీరు ఎవరినైనా ఒప్పించిన సందర్భం గురించి వ్యాసం రాయమంది.

మైత్రీవనంలో కోచింగ్ నడిపే చక్రపాణి సార్ ఇలాంటి వ్యాసాలు దిద్దడంలో దిట్ట. పిల్లిని చూపిస్తే పులి అని రాయించగలడు.

కేదార్ ఏదీ దాచకుండా జరిగిందంతా రాసి ఆయనకు చూపించాడు.

"బంగారంలాంటి సంఘటనయ్యా!" అన్నాడు సార్. "అమ్మ ముక్క తీసెయ్. 'నా పరిస్థితి వివరించి ఒప్పించాను' అని రాయి."

"కానీ నేను చెప్పింది అబద్ధం కదా సార్?"

"వివరించావు, ఆయన ఒప్పుకున్నాడు. ఇందులో అబద్ధమేముంది?"

"పాపం, కుంటుకుంటూ వెళ్ళాడు సార్."

"అది అసలే వద్దు. జాలంతా అటు పోతుంది. సీటు నీకు కావాలా, ఆయనకా?"

కేదార్ ఆ వాక్యం కొట్టేశాడు.

సీటొచ్చింది. కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర అతని ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కొత్త బ్యాచ్ మొదలైన రోజున సార్ అతన్ని పిలిపించి, ఆ వ్యాసాన్ని అందరి ముందూ చదివించాడు. సమ్మె రోజు, అమీర్‌పేట చౌరస్తా, ఒకే ఒక్క ఆటో, పంజాగుట్ట పోవాల్సిన పెద్దాయన అన్నీ ఉన్నాయి అందులో; కేదార్ అర్జెంటు ఏమిటన్నది మాత్రం లేదు.

చదవడం అయ్యాక చప్పట్లే చప్పట్లు.

"చూశారా?" అన్నాడు సార్. "అవతలివాడు తన పని తాను మరిచిపోవాలి. అదీ ఒప్పించే నేర్పంటే!"

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. పేరు ప్రమోద. సిరిసిల్లనుంచి వచ్చి చేరింది.

"అన్నా, గాయన కుంటుకుంట నడుస్తుండెనా?"

కేదార్ ఉలిక్కిపడ్డాడు. వ్యాసంలో ఆ మాటే లేదు.

"నీకెలా తెలుసు?"

"ఎడమకాలు కదా?"

చక్రపాణి సార్ బోర్డు తుడవడానికి అటు తిరిగాడు. బోర్డుమీద ఏమీ లేదు.

కేదార్ తలూపాడు.

"గా దినం పంజాగుట్ట దవాఖాన్ల మా తమ్ముడుండె," అంది ప్రమోద. "లారీ గుద్దింది. వాని గ్రూపు రక్తం యాడ సుత దొరకలే. ఎవరెవరికో ఫోన్లు చేస్తే ఒక్కాయన వస్త అన్నడు. కనకయ్య కాక. మాకేం చుట్టం కాదు, అంతకుముందు ముఖం సుత తెల్వదు."

కేదార్ చేతిలోని వ్యాసాన్ని మడిచాడు.

"మేం గేటు కాడ నిలబడి ఆటోల దిక్కే చూస్తున్నం. ఆయనేమో నడుచుకుంట వచ్చిండు. వచ్చేసరికి తమ్ముడు పోయిండు."

కేదార్ ఏదో అనబోయాడు.

ప్రమోద కళ్ళు తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండునని కేదార్‌కి అనిపించింది.

"ఆయన మస్తు ఏడ్చిండన్నా. ఒక పిల్లగాని తల్లి సావుబతుకుల్ల ఉన్నదంటే ఆటో ఇచ్చిన, తప్పు చేసిన్నా అని అడిగిండు. తల్లి కోసమైతే ఇయ్యకుండ ఎట్ల ఉంటవని మా అమ్మనే ఆయనను ఊకోబెట్టింది. ఇప్పటికి సుత కలిసినప్పుడల్లా గా తల్లి సంగతే అడుగుతడు."

ఆమె కేదార్ ముఖంలోకి ఆశగా చూసింది.

"మీ అమ్మ బతికింది కదా అన్నా? చెప్పు, కాకకు ఫోన్ చేస్త."