వాద్యాల గది

పాప పోయిన రోజు సంగీతం క్లాసు ఆగలేదు.

ఎనిమిదో తరగతి పాప. పెద్ద చప్పుళ్ళు పడవు. డ్రమ్ము మోగితే చాలు, చెవులు మూసుకుని కేకలు పెట్టేది. పాటంతా పాడుచేస్తోందని సంగీతం మాస్టారు రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళాడు. వాద్యాల గదిలోకి నెట్టి తాళం వేశాడు. ఆ గది గోడలకీ తలుపుకీ లోపలివైపు మందపాటి మెత్త ఉంటుంది. గొంతు బయటికి రాదు. తలుపు మీద పడే దెబ్బలు మాత్రం వస్తాయి.

దెబ్బలు వచ్చాయి.

"ఇంకా గట్టిగా పాడండర్రా!" అన్నాడు మాస్టారు. పిల్లలు పాడారు. చివరికి వాద్యాలు పేర్చిన ఇనప అలమర పాప మీద పడింది.

ప్రమాదమని తేల్చారు. అలమరని లేపి ఎక్కడిదక్కడే నిలబెట్టారు. మాస్టారి ఉద్యోగం మాస్టారికి ఉంది.

ఏడాది తిరిగాక, వైకల్యం ఉన్న పిల్లల్ని అందరితో కలిపి ఎలా పాడించాలో సంగీతం టీచర్లకి శిక్షణ ఇవ్వాలన్నారు. ఇస్తానని వచ్చింది పాప తల్లి. ఆవిడా టీచరమ్మే. అదే బడి, అదే హాలు. పక్కనే తాళం వేసిన వాద్యాల గది. తాళంచెవి ఆవిడ ముందు బల్ల మీద, అందరికీ కనిపించేలా ఉంది.

"ఈ బడి మాస్టారు రాలేదా? చెప్పులు గుమ్మంలో ఉన్నాయి, సంచి కుర్చీలో ఉంది," అంది పియానో టీచరు.

"పొద్దున్నే వచ్చారు," అంది టీచరమ్మ.

"మేడం మొహం చూడలేక జారుకుని ఉంటాడు. చెప్పుల్ని హాజరుకి వదిలేసి!" అన్నాడు డ్రమ్స్ మాస్టారు. ఒకరిద్దరు నవ్వారు.

"చేతి మీద ఆ గీరలేంటి మేడం? రక్తం కూడా వచ్చినట్టుంది," అంది వయొలిన్ టీచరు.

"తలుపు దగ్గర తగిలాయమ్మా. కూర్చోండి."

అందరూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఆ వెంటనే వాద్యాల గది తలుపు ధన్‌మంది.

పియానో టీచరు ఉలిక్కిపడింది. "అమ్మో! ఏంటది?"

"ఆ రోజు ఇలాగే వినబడింది. మీకూ వినిపించాలనే స్పీకరు కొన్నాను."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"లోపల ఒక ప్రాణం ఉంది," అంది టీచరమ్మ. "మీరు బయట ఉన్నారు. ఇప్పుడేం చేస్తారు?"

ఆవిడకి కావలసిన జవాబు ఒక్కటే. ఆ ఒక్క మాట ఎవరి నోటైనా వస్తుందేమో వినాలనే ఈ పనికి పూనుకుంది.

"పాట ఆపేసి మిగతా పిల్లల్ని సముదాయిస్తాను," అంది పియానో టీచరు.

"నేనైతే నెమ్మదిగా ఉండే పాటేదైనా ఎత్తుకుంటాను," అన్నారింకొకరు.

డ్రమ్స్ మాస్టారు వేళ్ళతో మోకాలి మీద ఆ దెబ్బల్ని అనుసరించబోయాడు. "ఉహూఁ. లయ అందట్లేదు. ఇందాక అరచేతులు. ఇప్పుడు భుజంతో గుద్దుతున్నట్టుంది. చిన్నపిల్లకి అంత బలమా మేడం!"

"ప్రాణం మీదికొస్తే బలం అదే వస్తుంది."

తలుపు చెక్క చిట్లింది. దెబ్బ మారింది. బరువుగా, మొద్దుగా, మళ్ళీ మళ్ళీ ఒకే చోట.

"తల," అంది వయొలిన్ టీచరు. "తలతో కొడుతోంది." లేచి నిలబడింది. "నేను తలుపు తీస్తాను మేడం."

టీచరమ్మ అప్పుడే తలెత్తి ఆమె వైపు చూసింది. తాళంచెవిని బల్ల అంచుదాకా జరిపింది.

"స్పీకరుకి ఊపిరాడట్లేదా ఏంటండీ?" అన్నాడు డ్రమ్స్ మాస్టారు. "కూర్చోండి, నవ్వుతారు!"

నవ్వారు. తాళంచెవి దాకా వెళ్ళిన చేతిని వయొలిన్ టీచరు వెనక్కి తీసుకుంది. సిగ్గుపడి కూర్చుంది.

టీచరమ్మ మళ్ళీ అడగలేదు.

లోపల ఏదో వాద్యం తీగలు తెగాయి. గాజు పగిలింది. తలుపు ఇంకొక్కసారి అదిరింది. తర్వాత ఇనుము నేలమీద కుప్పకూలిన చప్పుడుకి కిటికీలు గలగలమన్నాయి. పియానో టీచరు చెవులు మూసుకుంది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

"ఆ రోజూ చివర్న ఇదే," అంది టీచరమ్మ.

"అచ్చం నిజంలాగే ఉంది మేడం!" డ్రమ్స్ మాస్టారు చెమట తుడుచుకున్నాడు. "ఆపేశారా?"

"ఆగిపోయింది."

ఆవిడ కాళ్ళ దగ్గరున్న సంచిలో, కొత్త స్పీకరు అట్టపెట్టెకి కొట్టువాళ్ళు అంటించిన టేపు ఇంకా విప్పలేదు.