సున్నం తిన్న పొలం

"తగ్గలేదు కాకా," అంది ప్రవళిక, స్కూటీ దిగకుండానే. మట్టి పరీక్షల ఆఫీసులో పనిచేసే పిల్ల ఆమె. "మొన్న మీ ఇంట్లకెంచి తీస్కపోయిన వడ్లల్ల కాడ్మియం గట్లనే ఉంది. కిడ్నీలను తినే విషమది. గవి తినకుండ్రి."

లింగన్న తువ్వాలతో అరుగు దులిపాడు, ఆమె వచ్చి కూర్చుంటుందేమోనని. విన్న మాట ఇంకా లోపలికి దిగలేదు.

"మంచిగ చూసిండ్రా మేడం?"

"నమ్మబుద్ధిగాక మళ్ల చూపిచ్చిన."

"మీరు చెప్పినట్లే చేసిన గద! విషం గింజకెక్కకుండ సున్నం సల్లిన. ఊక బొగ్గు కలిపిన. గింజ గట్టిపడేదాంక మడిల నీళ్లు ఆరనియ్యలె."

"తెలుసు కాకా. గందుకే నాకు సమజైతలేదు."

సిరిసిల్ల దిక్కు నుంచి అద్దకాల రంగునీళ్లు మోసుకొచ్చే వాగు పక్కనే అతని పొలం. సున్నం చల్లుతుంటే గట్టు మీద నిలబడి పక్క పొలం బాలరాజు నవ్వాడు. 'గోడకేసే సున్నం పొలానికేస్తున్నవ్. గట్లనే గృహప్రవేశం గూడ చెయ్యరాదే బావా!' అప్పుడు లింగన్నా నవ్వాడు. ఈ పంట బాగుంటే అఖిలను ఇంటికి తెచ్చుకోవచ్చు.

కూతురు అఖిలకు తొలి కాన్పు. పుట్టింటికి రావలసిన పిల్లను, ఈ మన్నులో పండింది తినకూడదని, కోరుట్ల దిక్కు ఆమె చిన్నమ్మ ఇంట్లో దించి వచ్చాడు. అత్తారింటికి సాగనంపిన నాడు రాని ఏడుపు ఆ రోజు బస్సులో వచ్చింది.

స్కూటీ వెళ్లిపోయింది. లింగన్న అరచేతులు చూసుకున్నాడు. సున్నానికి చీలిన పగుళ్లు. అవి మానకపోతే బాగుండునని మనసులో ఏ మూలో ఉండేది. పగుళ్లున్నంత కాలం మన్ను బాగవుతున్నట్టే. ఇప్పుడా చేతులు ఎవరివో అనిపించాయి.

గడప లోపల భార్య కిష్టవ్వ చేటలో బియ్యం ఏరుతూ ఆగిపోయింది.

"ఇగ ఆ పొలం మొకం జూడ," అన్నాడు. "నారు పొయ్య. తుమ్మలు మొలువనీ."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడ్వకే. బిడ్డన్న మీ చెల్లె ఇంట్ల మంచి బువ్వ తింటుంది. గదొక్కటి సాలు."

చేట ఆమె చేతుల్లోంచి జారింది. గింజలు గడప దాటి అతని కాళ్ల దాకా వచ్చాయి.

"ఆ ఆఫీసు పిల్ల అచ్చి వడ్లు అడిగిననాడు నువ్వు పొలం కాడున్నవ్," అంది కిష్టవ్వ. "తినెటందుకే అనుకున్న. ఇంటికచ్చి చెయ్యి చాపినోళ్లకు, విషమన్న గింజలు ఎట్ల పొయ్యాలె?"

"మరి ఏం పోసినవే?"

"మనయి గాదు. మా చెల్లె మన తిండికి పంపిన వడ్లు పోసిన."