ఎనభై నాలుగు కిలోలు

మూడోసారి కూడా యంత్రం రెండో మెట్టు మీదే ఆగిపోయింది. నేను పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకున్నాను.

"దెబ్బ తగిలిందా గ్వలాందీ గారూ?" అంటూ నొయేమీ లాప్‌టాప్ ముందు నుంచి లేచింది.

"నా సంగతి వదిలెయ్ అమ్మాయ్. నీ గ్రాఫ్ చూసుకో."

నొయేమీకి ముప్పై ఏళ్ళుంటాయి. ఫాయెంజా ఊరి చివర ఈ వర్క్‌షాపులో మోటార్లు బిగించి, పరీక్షించి అప్పగించడం ఆమె పని. నాకు అరవై ఆరు. చాక్లెట్లు చుట్టే యంత్రాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు చెప్పినంతే కదిలే సర్వో మోటార్లు సరిచేసి రిటైరయ్యాను. ఆ రోజు నేను వచ్చింది యంత్రం తీసుకెళ్ళడానికి. లోపల అడుగుపెట్టిన అయిదు నిమిషాల్లో, ఎవరూ అడక్కుండానే, ఇన్‌స్పెక్టర్ని అయిపోయాను.

పరీక్ష చిన్నదే. బరువు మోస్తూ చదును నేల మీద ఇరవై మీటర్లు, ఏటవాలు మీద పది, ఆ తర్వాత మూడు చెక్క మెట్లు. మోటారు పక్కనే డ్రైవ్ అనే చిన్న పెట్టె ఉంటుంది. ఎప్పుడెంత కరెంటు ఇవ్వాలో అదే చూసుకుంటుంది. దాన్నుంచి పొడవాటి కేబుల్, కేబుల్ చివర లాప్‌టాప్. తెర మీద నీలం గీత మనం అడిగిన కదలిక, ఎర్ర గీత మోటారు నిజంగా చేసిన కదలిక. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే పని అయినట్టే.

చదును నేల మీద గీతలు కొత్త దంపతుల్లా కలిసి నడిచాయి. ఏటవాలు మీద కాస్త ఎడమొహం పెడమొహం. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎర్ర గీత చతికిలబడింది. కరెంటు హద్దు దాటడంతో డ్రైవ్ తనంతట తానే ఆగిపోయింది.

యంత్రం కదిలిన ప్రతిసారీ నేనూ దానితోపాటే వెళ్ళాను. దూరంగా నిలబడి చూడటం నాకు చేతకాదు.

"కేబుల్‌లో ఉంది తప్పు," అన్నాను.

నొయేమీ కేబుల్ మార్చింది. రెండో మెట్టు, మళ్ళీ ఆగింది.

"మోటారు ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్ అబద్ధం చెబుతోంది."

విప్పింది, చూసింది, బిగించింది. సెన్సర్ నిజమే చెబుతోంది.

"అయితే ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాడు జన్మలో మెట్లెక్కి ఉండడు."

"రాసింది మా అక్కండీ," అంది నొయేమీ. "నాలుగో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు."

కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడదగిందేమీ లేదు.

"ఇవాళ కాకపోతే దీన్ని తయారుచేసిన వాళ్ళకే తిప్పి పంపాలి," అంది ఆమె మెల్లగా. "ఆరు వారాలు పడుతుంది."

దీనికోసం ఎనిమిది నెలలు దరఖాస్తులు పెట్టాం. శనివారం లోపు తెస్తానని మా ఆవిడ లొరెదానాకి మాటిచ్చాను. తేకపోతే ఆవిడ ఏమీ అనదు. నా భయమంతా అదే.

నొయేమీ తెర మీద అంకెలన్నీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది.

"బరువు ఎనభై నాలుగు కిలోలని ఉంది. ఎవరిచ్చారండీ ఇది?"

"నేనే."

"తూచారా?"

"ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం అమ్మాయ్."

"అనుభవం కాదండీ, తూచారా అని."

తూచలేదు. పాత కాగితాల్లో ఉన్న అంకె చూసి రాసేశాను. ఆ రోజే లొరెదానా నా భుజం మీదుగా చూసి, "మరీ ఇంత తక్కువ రాశారేంటండీ?" అంది. లెక్కల్లో తల దూర్చొద్దన్నాను. ఆవిడ దూర్చలేదు.

"కాటా ఆ మూలనుంది," అంది నొయేమీ. "ఎక్కించండి చూద్దాం."

తొంభై ఏడు.

"కాటా పాతదేమో," అన్నాను.

"సోమవారమే సరిచూశారండీ."

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఫ్యాక్టరీలో నా కింద పని నేర్చుకున్న ప్రతివాడికీ ఒకటే చెప్పేవాణ్ణి. ముందు నువ్వు నింపిన అంకెను అనుమానించు, ఆ తర్వాతే యంత్రాన్ని అను అని. వాళ్ళలో ఒక్కడు కూడా ఆ గదిలో లేకపోవడం నేను చేసుకున్న పుణ్యం.

నొయేమీ ఎనభై నాలుగు చెరిపి తొంభై ఏడు కొట్టింది. మోటారు అర నిమిషం సన్నగా మూలిగి, కొత్త లెక్కకు సర్దుకుంది.

"ఇంకోసారి వెళ్దామా?"

మొదటి మెట్టు. రెండో మెట్టు దగ్గర కమ్మీ మీద చెయ్యేశాను. మోటారు ఆగలేదు. మూడోదీ ఎక్కేసింది. అంతే మెత్తగా దిగింది. తెర మీద ఎర్ర గీత ఎక్కడుందో కనబడలేదు, నీలం గీతలో అంతగా కలిసిపోయింది. నాకైతే గీతలే సరిగా కనబడలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

"క్షమించమ్మా," అన్నాను. "కేబుల్‌నీ, సెన్సర్నీ, మీ అక్కనీ అనవసరంగా ఆడిపోసుకున్నాను."

"అక్కకి చెప్తాలెండి. బరువు పెరిగితే మాత్రం ఫోన్ చెయ్యండి, అంకె మార్చాలి."

"పెరగదు."

"అందరూ అదే అంటారు," అంది నొయేమీ, సంతకం కోసం కాగితం జరుపుతూ.

సంతకం పెట్టాక ఆమె కేబుల్ పీకేసింది. నేను పైకి మడిచి పెట్టుకున్న ప్యాంటును, ఒకప్పుడు నా కుడి మోకాలు ఉన్నచోట బిగించిన ఆ మోటారు మీదుగా కిందికి దించుకుని, చంకకర్రలు లేకుండా రెండు కాళ్ళ మీద నడిచి బయటికి వచ్చాను.